ఉత్తరప్రత్యుత్తరాలకు తావున్న పోటీ

అంతర్జాలంలో తెలుగు రాసుకునే మన బృందంలోని మిత్రులందరికీ నమస్కారం.

ఉగాదికి మనలో మనం ఒక రచనల పోటీ పెట్టుకుందామన్న ఆలోచన కొన్నాళ్లుగా నలుగురి నోళ్లలో నానుతోంది. మంచి ఆలోచనే. కాకపోతే పోటీ మాట ఎత్తిన ప్రతిసారీ, "సరదాకే కదా, నియమాలూ గియమాలూ ఎందుకు?" అని ఎవరో ఒకరు అంటున్నారు. నా పేచీ అక్కడే. బయటి పోటీలో అన్యాయం జరిగిందనిపిస్తే ఆ పత్రికను నాలుగు మాటలు తిట్టుకుని, మరో పత్రికకు కథ పంపుకుంటాం. అంతటితో సరి. మన సంగతి అలా కాదు. పోటీ అయిన మర్నాడు కూడా ఒకరి రచన ఒకరం చదవాలి, ఒకరినొకరం పలకరించుకోవాలి. కాబట్టి నియమాలు బయటి పోటీల కంటే బిగువుగా ఉండాల్సింది మన పోటీకే. అవి వదులైతే సరదా మొదటి వారంలోనే ఆవిరై, అలకలు ఏడాది పొడవునా మిగులుతాయి.

పత్రికల్లో కథల పోటీ ప్రకటనలు చదువుతూ పెరిగినవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. కాగితానికి ఒకవైపే రాయాలి. రచన సొంతమేననీ, అనువాదమో అనుకరణో కాదనీ, మరెక్కడా పరిశీలనలో లేదనీ హామీపత్రం జతచేయాలి. తిప్పి పంపాలంటే తగిన స్టాంపులు అంటించిన కవరు పెట్టాలి. న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం. అన్నిటికంటే చివర, తప్పనిసరిగా ఆ వాక్యం ఉండేది: ఈ విషయంలో ఎలాంటి ఉత్తరప్రత్యుత్తరాలకూ తావు లేదు.

పత్రికలను తప్పుపట్టలేం. బస్తాలకొద్దీ వచ్చిపడే కథల్లో ప్రతిదానికీ జవాబు రాస్తూ కూర్చుంటే ఉపసంపాదకులు ఇక పత్రిక తేవడం కల్ల. ఆ పోటీల వల్ల మేలు జరగలేదనీ అనను. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక జరిపిన ప్రపంచ కథానికల పోటీలో పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’కు రెండో బహుమతి వచ్చింది. ఆ పోటీ లేకపోయినా పద్మరాజు గారు గొప్ప కథకులే. కానీ తెలుగులో కథ అనేది ఒకటుందని బయటి ప్రపంచం తలతిప్పి చూడటానికి ఆ బహుమతి పనికొచ్చింది.

మనకు ప్రపంచానికి చూపించాల్సిందేమీ లేదు. మనకు లోటుగా ఉన్నది వేరు. నెలల తరబడి ఎదురుచూసి, ఫలితాల పేజీలో పేరు లేదని చూసుకున్న రచయితకు తన కథ ఏ పేరాలో తేలిపోయిందో చెప్పే దిక్కు లేదు. సాధారణ ప్రచురణకు తీసుకున్నామంటే అదే పదివేలు. ఇప్పుడు మన మధ్య జరుగుతున్నదీ దాదాపు అదే కదా! ఎవరు ఏం రాసినా "చాలా బాగుంది, అభినందనలు" అనేస్తున్నాం. పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోనులో ఏడెనిమిది మందికి అవే రెండు మాటలు పంపేసి, సాహిత్య సేవ ముగించుకుని స్నానానికి వెళ్లిపోతున్నాం. తిరస్కరించిన పత్రికైనా ఆ కథను చివరిదాకా చదివి ఉంటుంది. మన అభినందనల మీద నాకు ఆ నమ్మకం కూడా లేదు.

అందుకని నేను అడిగేది ఒక్కటే. ఉత్తరప్రత్యుత్తరాలే అసలు పనిగా ఉండే పోటీ పెట్టుకుందాం. మిగతా నియమాలన్నీ దాని కోసమే.

ముందుగా ఓట్ల సంగతి తేల్చాలి. ఎక్కువమందికి నచ్చిన రచనకే బహుమతి ఇద్దామని ఒక ప్రతిపాదన ఉంది. ప్రజాస్వామ్యం మీద గౌరవంతోనే దీన్ని వ్యతిరేకిస్తున్నాను. నేనెరిగిన ఒక బృందంలో ఇలాగే ఓట్లతో పోటీ పెట్టారు. ఆఖరి రోజు సాయంత్రానికి కథలు చదివినవారి కంటే ఓటు వేసినవారు ఎక్కువయ్యారు. బావమరుదులు వేశారు, ఆఫీసులో పక్క సీటువాళ్లు వేశారు, తెలుగు అక్షరం చదవడం రాని మనవలూ వేశారు. చివరికి మొదటి బహుమతి అందరికంటే పెద్ద కుటుంబం ఉన్న రచయితకు దక్కింది. పాపం, ఆయన కథ నిజంగానే బాగుంది. కానీ ఆ మాట ఆ తర్వాత ఎవరూ నమ్మలేదు.

పేర్లు దాచాలి. ఇది చెప్పడానికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. 1815 ఏప్రిల్‌లో ఇప్పటి ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ ధూళి ఆకాశాన్ని కమ్మేయడంతో మరుసటి ఏడాది యూరప్‌లో వేసవి వేసవిలా లేదు. చలి, ఎడతెగని వాన. 1816 జూన్‌లో జెనీవా సరస్సు ఒడ్డున ఆంగ్ల కవి బైరన్ ప్రభువు అద్దెకు తీసుకున్న ఇంట్లో ఆయన, ఆయన వైద్యుడు పోలిడోరి, కవి షెల్లీ, షెల్లీ ప్రియురాలైన పద్దెనిమిదేళ్ల మేరీ, ఆమె సవతి సోదరి కాలక్షేపానికి దయ్యాల కథలు చదువుకుంటున్నారు. తలా ఒక కథ రాద్దామని బైరన్ అన్నాడు. స్నేహితుల మధ్య పోటీ అంటే ఇదే. బహుమతి లేదు, న్యాయనిర్ణేత లేడు, చూరు నుంచి కారే వాన తప్ప గడువూ లేదు. కథ తట్టిందా అని రోజూ పొద్దున్నే అడిగేవారనీ, లేదని చెప్పుకోవాల్సి వచ్చినప్పుడల్లా సిగ్గేసేదనీ మేరీ తర్వాత రాసుకుంది.

చివరికి ఏమైంది? పేరుమోసిన కవులిద్దరిలో బైరన్ కొన్ని పేజీలు రాసి వదిలేశాడు, షెల్లీ అది కూడా పూర్తి చేయలేదు. మేరీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ రాసింది. బైరన్ వదిలేసిన ముక్కను ఆధారం చేసుకుని పోలిడోరి రక్తపిశాచి కథ రాశాడు. 1818లో మేరీ నవల రచయిత పేరు లేకుండా అచ్చయింది. రచయిత వాల్టర్ స్కాట్ అంతటివాడు కూడా అది షెల్లీ రాసిందే అనుకున్నాడు. 1819లో పోలిడోరి కథ బైరన్ పేరుతో వెలువడింది. పోటీలో నిజంగా నెగ్గిన ఇద్దరి ఘనతా కొంతకాలం ఓడిన ఇద్దరి ఖాతాలో జమైందన్నమాట! ఎవరు రాశారో ముందే తెలిస్తే మనం రచనను చదవం, మనిషినే చదువుతాం. కాబట్టి అభిప్రాయాలన్నీ చేతికి వచ్చేదాకా పేర్లు బయటికి రాకూడదు, వచ్చాక ఒక్క పూట కూడా దాచకూడదు.

పేరు దాచినా శైలి దాగుతుందా అని మీరు అడుగుతారు. న్యాయమే. మనలో ఒకరికి వాక్యం చివర మూడు చుక్కలు పెట్టనిదే ఊపిరాడదు. మరొకరి కథలో ఎక్కడో ఒకచోట అమ్మమ్మ, ఆవకాయ జాడీ ప్రత్యక్షం కావాల్సిందే. ఇంకొకరు హైదరాబాద్ ట్రాఫిక్ గురించి మొదలుపెట్టినా ఉపనిషత్తుల దగ్గర తేలతారు. ఈ అలవాట్లను కాస్త ఇరుకున పెట్టాలంటే, ఇచ్చే అంశమే ఇరుకుగా ఉండాలి.

‘వాన’ అని అంశం ఇచ్చి చూడండి. వచ్చిన ప్రతి రచనలోనూ మట్టి వాసన ఉంటుంది, కాగితం పడవ ఉంటుంది, వేడి పకోడీలు ఉంటాయి. ‘అమ్మ’ అని ఇస్తే ఇక చదవక్కర్లేదు, రుమాలు దగ్గర పెట్టుకుంటే చాలు. ఇంత విశాలమైన అంశాల మీద పోటీ పెట్టి, తర్వాత అన్నీ ఒకేలా ఉన్నాయని న్యాయనిర్ణేతలు విసుక్కోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

దీనికి మందు మన ఇంట్లోనే ఉంది. అష్టావధానంలో, ఆశువుగా పద్యాలు చెప్పే అవధానిని ప్రశ్నించే పృచ్ఛకుడు చేసే పనేమిటి? సమస్య పేరుతో, పైకి అర్థంలేనట్టు తోచే ఒక పాదం ఇచ్చి పద్యం పూరించమంటాడు. దత్తపదిలో పొంతన లేని నాలుగు పదాలు పారేసి, ఫలానా విషయం మీదే అవి ఇమడాలంటాడు. నిషిద్ధాక్షరిలో అవధాని నోట రాబోయే అక్షరాన్ని ఊహించి, అది కూడదని అడ్డుపడతాడు. ఇవన్నీ కత్తిరింపులే. అవధానిని అంత ఇరుకున పెట్టిన పృచ్ఛకుడే, ఆయన అందులోంచి బయటపడగానే అందరికంటే ముందు చప్పట్లు కొడతాడు. పోటీలో స్నేహం ఎక్కడ ఉండాలో అవధానం ఎప్పుడో తేల్చి పెట్టింది. ఆకాశవాణి సమస్య ఇస్తే కార్డు మీద పద్యం రాసి పంపి, రేడియో దగ్గర చెవి ఒగ్గి కూర్చున్న బడిపంతుళ్లు, గుమాస్తాలు ఎందరో ఉండేవారు. వాళ్లు పంపింది డబ్బు కోసం కాదు. తమ పూరణ ఎవరో చదువుతారని, తట్టని పూరణ ఇంకెవరికో తట్టి ఉంటే విందామని.

మనలో ఛందస్సు వచ్చినవారు తక్కువ, కాబట్టి వచనంలోకి మార్చుకుందాం. నేను ఊహిస్తున్నది ఇలా ఉంటుంది. "తాళం చెవి పక్కింట్లో ఇచ్చాను" అన్న వాక్యం రచనలో ఎక్కడో ఒకచోట, అక్షరం మారకుండా రావాలి. అంతే సమస్య. ఆలోచించి చూడండి, ఇందులో ఎన్ని దారులున్నాయో. ఊరికి వెళ్తున్నవాళ్లు ఇచ్చి ఉండవచ్చు. ఇల్లు ఖాళీ చేసి శాశ్వతంగా పోతున్నవాళ్లు ఇచ్చి ఉండవచ్చు. భర్తతో మాటలు లేని భార్య చీటీ మీద రాసి పెట్టిన మాట కావచ్చు. అమెరికాలో ఉన్న కొడుకుకు తల్లి ఫోనులో చెప్పే మాట కావచ్చు. అపార్ట్‌మెంటులో పక్కింటివాళ్ల పేరే తెలియదు కాబట్టి ఈ వాక్యం అబద్ధమని ఒకరు వ్యాసం రాయవచ్చు. అలాంటి వ్యాసం వస్తే నేను ముందు దాన్నే చదువుతాను.

దత్తపదికి గ్యాస్ బండ, రసీదు, మేడమెట్లు, తులసి కోట. నాలుగూ రావాలి, రచన మాత్రం పెళ్లి గురించే ఉండాలి. నిషిద్ధానికి వస్తే, ఎడబాటు గురించి రాయండి కానీ గుండె, కన్నీరు, జ్ఞాపకం, మౌనం అన్న మాటలు వాడకూడదు. ఈ చివరిదాన్ని మాత్రం ఎలాగైనా పెట్టాలని నా పట్టు. ఆ నాలుగు మాటలూ తీసేస్తే మనలో సగంమంది కవితల్లో క్రియాపదాలే మిగులుతాయి.

నిడివి ఆరు వందల పదాలు దాటకూడదు. ఇది చదివేవారి మీద దయతో పెట్టిన నియమం. ఏ మాండలికంలో రాసినా సరే. శ్రీకాకుళం మాట, చిత్తూరు మాట, వరంగల్ మాట ఏదీ దోషం కాదు. అచ్చుతప్పులకు మార్కులు తగ్గించం, కానీ ఎత్తి చూపుతాం. గడువు మాత్రం భారత కాలమానం ప్రకారం ఆదివారం అర్ధరాత్రి. అమెరికాలో ఉన్న మిత్రులకు అప్పటికింకా ఆదివారం గడిచి ఉండదు, దాన్ని సాకుగా చేసుకుని సోమవారం పంపితే చెల్లదు. గడువు మహిమ తక్కువేమీ కాదు. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 21 మంది స్నేహితులు, నెల రోజుల్లో 50,000 పదాల నవల రాయాలని పందెం వేసుకుంటే, అది ఏటా నవంబరులో ప్రపంచమంతా పాల్గొనే ఉత్సవమైంది. దాన్ని నడిపిన సంస్థ 2025లో మూతపడింది. అక్కడ అన్ని పదాలూ పూర్తిచేసినవారంతా విజేతలే. అందులో నాకు నచ్చనిది ఒక్కటే. రాసినవారికి లెక్క ఉంది, చదివినవారికి లెక్క లేదు.

మన పోటీలో రచన పంపితే సగం పనే అయినట్టు. పంపిన ప్రతి ఒక్కరూ తమకు వచ్చిన మూడు రచనల మీద, ఒక్కొక్కదానికి కనీసం రెండు పేరాల ఉత్తరం రాయాలి. రాయనివారి రచన పోటీలోంచి తొలగిపోతుంది, అది ఎంత గొప్పదైనా సరే. ఏ మూడు రచనలు ఎవరికి వెళ్లాలన్నది చీటీలు తీసి నిర్ణయించాలి. ఉత్తరంలో "అద్భుతం", "హృద్యం", "కలం బలం" లాంటి మాటలు ఉంటే వెనక్కి పంపాలి. మరి ఎలా రాయాలి? ఇలా: "మూడో పేరాలో అత్తగారు తాళం చెవిని కొంగుకు ముడివేసి, ముడి సరిగా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసిన చోట ఆగిపోయాను. ఆవిడ ఎలాంటి మనిషో ఆ ఒక్క వాక్యం చెప్పేసింది. దాని తర్వాత ఆవిడ అనుమానపు మనిషి అని మళ్లీ చెప్పారు, అది తీసేయొచ్చు. ఆఖర్న పక్కింటావిడ ఎందుకు తలుపు తీయలేదో నాకు అందలేదు. కావాలనే దాచారా, రాయడం మరిచారా?" రచయితకు ఈ నాలుగు ముక్కలు వంద అభినందనల పెట్టు. దీనికి రచయిత జవాబివ్వాలి. జవాబు కూడా అందరికీ కనబడాలి.

కృత్రిమ మేధ చేత రాయించి పంపేవారి సంగతేమిటని ఇద్దరు ముగ్గురు అడిగారు. పాత హామీపత్రాన్నే కొంచెం సవరించి పెడదాం. అంతకుమించి పోలీసు పని మనకెందుకు? యంత్రం చేత రాయించిన కథకు వచ్చిన ఉత్తరానికి జవాబు కూడా యంత్రం చేతే రాయించుకునేవారు ఉంటే, వారికి మన వల్ల గానీ, మనకు వారి వల్ల గానీ ఒరిగేదేమీ లేదు. వదిలేద్దాం.

రోషాల సంగతి కూడా చెప్పాలి, దాచుకుంటే ప్రయోజనం లేదు. జంటకవులైన తిరుపతి వేంకట కవులు మీసాలెందుకు పెంచారో మీలో చాలామందికి తెలుసు. సంస్కృతాంధ్రాలు రెండింటిలోనూ తామే కవీంద్రులమని తెలియజేయడానికే పెంచామనీ, ఎవరైనా గెలిస్తే మీసాలు తీసేసి మొక్కుతామనీ పద్యంలోనే సవాలు విసిరారు. చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. కానీ వారికీ కొప్పరపు కవులకూ మధ్య సాగిన వివాదాల్లో అభిమానులు సైతం పక్షాలుగా చీలిపోయారు. ఆ స్థాయి పద్యం మనలో ఎవరికీ రాదు కాబట్టి ఆ స్థాయి కలహానికీ మనకు అర్హత లేదని నా మనవి. తిరుపతి వేంకట కవుల జంటలోనే ఇంకో సంగతి ఉంది. దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు పోయిన తర్వాత కూడా చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి గారు తన రచనలను జంట పేరుతోనే వెలువరించారు. మీసాల పద్యం కంఠస్థం చేసినవారు దీన్నీ గుర్తుంచుకోవాలి.

ఇక బహుమతి. డబ్బు వద్దు. డబ్బు వస్తే చందా వస్తుంది, చందా వస్తే లెక్క వస్తుంది, లెక్క వస్తే కోశాధికారి వస్తాడు, ఆ తర్వాత ఏమవుతుందో మన సంఘాలన్నీ చూసినవే. శాలువా కూడా వద్దు, ఎవరి బీరువాలోనూ ఖాళీ లేదు. ఎవరి ఉత్తరాలు రచయితలకు ఎక్కువగా పనికొచ్చాయో, ఎవరి రచన ఎక్కువ చర్చకు నిలిచిందో చూసి ఒక్కరినే విజేతగా ప్రకటిద్దాం. ఆ విజేత తర్వాతి పోటీకి పృచ్ఛకుడో పృచ్ఛకురాలో అవుతారు. సమస్య ఇచ్చేది వారే. ఆ విడత రాయకూడదు. దీని వల్ల ప్రతిసారీ ఒకరే గెలవడమూ ఉండదు, గెలిచినవారు ఊరికే కూర్చోవడమూ ఉండదు.

నిర్వాహకులు మాత్రం పోటీలో పాల్గొనకూడదు. పాల్గొంటే ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో తొలిసారి కళల పోటీలు కూడా పెట్టినప్పుడు సాహిత్యానికి స్వర్ణపతకం క్రీడలను కీర్తించిన ఒక గీతానికి వచ్చింది. దాని మీద ఇద్దరు రచయితల పేర్లున్నాయి. ఆ రెండూ మారుపేర్లే. రాసింది ఆధునిక ఒలింపిక్స్‌ను ప్రారంభించిన పియరీ ది కుబర్తే! గీతం బాగుండే ఉంటుంది. అయినా చదువుతుంటే నవ్వు ఆగదు.

కాబట్టి రచనలు అందుకుని, పేర్లు తీసేసి, అంకెలు వేసి, చీటీలు తీసి పంచడానికి మనలో ఒకరు కావాలి. ఈ మొదటి విడతలో వారు రాయకూడదు, ఎవరికీ ఉత్తరం రాయకూడదు, ఎవరిది ఏ అంకె అని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడదు. కీర్తి రాదు, మాట మాత్రం పడాల్సి వస్తుంది. నాకు తాళం చెవి మీద రాయాలని చేయి దురదగా ఉంది కనుక నన్ను అడగకండి. ఈ ఆదివారం లోపు ఎవరైనా ముందుకు వస్తే వచ్చే సోమవారమే సమస్య ప్రకటించి, ఉగాది పచ్చడి తినేలోపు మొదటి ఉత్తరాలు అందుకోవచ్చు. ఒకరికంటే ఎక్కువమంది వస్తే, వారి మధ్య కూడా చీటీలే.

ఇట్లు,
మీలో ఒకరు